హైదరాబాద్ నంబర్ 12ఏ

లండన్ మ్యూజియంలో ఓ జంటరెక్కల విమానం ఉంది. దాని ఒంటి మీద మన ఊరి పేరుంది. దాన్ని మల్కాజిగిరిలో ఓ డైనింగ్ టేబుల్ మీద మళ్లీ కట్టాలంటే ముందు యాభై ఏళ్ల నాటి బొమ్మ కిట్‌ని రంపంతో కోయాలి. కోయాలా? దాచుకోవాలా?

రంపం బ్లేడు ప్లాస్టిక్ మీద ఆనింది. కోయలేదు. అక్కడే ఆగింది.

'ఏమైంది తాతా?' అంది పక్కన కూర్చున్న మనవరాలు. ఎనిమిదో తరగతి.

'ఒక్కసారి కోస్తే మళ్ల మునుపటోలె కాదు బిడ్డా' అన్నాడాయన, కళ్లద్దాలు సర్దుకుంటూ.

మల్కాజిగిరిలో రైలు పట్టాలకు నాలుగు సందుల ఇవతల ఉన్న ఇల్లు అది. ఆదివారం మధ్యాహ్నం. అన్నాలు అయ్యాయి, టేబుల్ తుడిచి పాత పేపరు పరిచారు. దాని మీద జానెడు కూడా లేని రెండు ప్లాస్టిక్ ముక్కలున్నాయి. రెండూ కలిపితే ఓ విమానం మొండెం అవుతుంది. పక్కన రంగు వెలిసిన అట్టపెట్టె, ఆకురాయి, గోళ్లు తీసే కట్టరు, బట్టలకు పెట్టే క్లిప్పులు, ఓ భూతద్దం.

ఆ పెట్టె ఇంట్లోకి వచ్చింది 1970ల్లో. ఓడల్లో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు సెలవులకొస్తూ తెచ్చిచ్చాడు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ డీహెచ్-4 కిట్. అప్పట్లో కట్టడానికి తీరిక లేదు. తర్వాత కట్టడానికి మనసు రాలేదు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, రెండు ఇళ్లు మారడం... అన్నిటినీ దాటుకుని బీరువా మీద ఆ పెట్టె మాత్రం అలాగే ఉండిపోయింది. తెరవని పాత కిట్లను సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కట్టకుండా ఉంచితే దానికి ధర. కడితే బొమ్మ. కోస్తే అదీ కాదు!

మరి ఇప్పుడెందుకు కోస్తున్నట్టు?

లండన్ వెళ్లిన మేనల్లుడు ఫోనులో పంపిన ఓ ఫొటో వల్ల.

దువ్వెనల నుంచి విమానాలు

ఆ ఫొటో సంగతి తర్వాత. ముందు పెట్టె తెరిచిన రోజు ముచ్చట.

పెట్టెలో కనిపించింది విమానం కాదు, ప్లాస్టిక్ చువ్వల చట్రం. చెట్టు కొమ్మకు కాయల్లా ఆ చువ్వలకు రెక్కలు, చక్రాలు, తోక, చీపురుపుల్లంత సన్నని కాళ్లు వేలాడుతున్నాయి. కిట్లు కట్టేవాళ్లు ఆ చట్రాన్ని 'స్ప్రూ' అంటారు. పెద్దాయన మాత్రం చూడగానే, 'ఇది రన్నరే కదా!' అన్నాడు.

ఆయనకా మాట రావడంలో వింత లేదు. ముప్ఫై ఏళ్లు నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డులో డై ఫిట్టరుగా చేశాడు. సీసా మూతలు, స్విచ్చు పెట్టెలు, కుర్చీ కాళ్లకు తొడిగే బుష్షులు... ఏది చేసినా పద్ధతి ఒకటే. ప్లాస్టిక్ దానాను వేడిచేసి కరిగించి, ఉక్కు అచ్చులోకి బలంగా ఎక్కిస్తారు. కరిగిన ప్లాస్టిక్ పారే కాలువే రన్నర్. కాలువ నుంచి వస్తువులోకి వెళ్లే ఇరుకు దారి గేటు. అచ్చు అరిగిపోతే రెండు పలకల సందులోంచి పల్చటి పొర బయటికి తన్నుకొస్తుంది. అది ఫ్లాష్.

'అచ్చు అప్పటికే మస్తు షాట్లు కొట్టింది' అన్నాడాయన, రెక్క అంచున వేలాడుతున్న ఫ్లాష్‌ని గోటితో గీరుతూ. కిట్ వయసు పెట్టె మీద ఉంటుంది. అచ్చు వయసు ఇలా అంచుల మీద ఉంటుంది. అది ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

నిజానికి ఎయిర్‌ఫిక్స్ కథ కూడా నాచారం షెడ్ల కథలాంటిదే. 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరీ వ్యాపారి ఇంగ్లండులో పెట్టిన కంపెనీ అది. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు చేసింది. తర్వాత ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రం తెప్పించుకుని దువ్వెనలు చేసింది. అవును, తల దువ్వుకునే దువ్వెనలే! 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ బొమ్మ చేసింది. 1952లో 'గోల్డెన్ హైండ్' ఓడ కిట్‌ని సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మింది. అక్కణ్నుంచి ఒక తరం పిల్లలకు ఎయిర్‌ఫిక్స్ అంటే కిట్, కిట్ అంటే ఎయిర్‌ఫిక్స్. 1981లో ఆ కంపెనీ దివాలా తీసి చేతులు మారింది. 2006 నుంచి హార్న్‌బీ సంస్థ దగ్గర ఉంది. డీహెచ్-4 కిట్ మాత్రం దాని వైభవకాలం నాటిది. 1960ల్లో వచ్చింది.

కిట్ల కొలత గురించీ ఒక మాట చెప్పుకోవాలి. ఇది 1/72. అంటే అసలు విమానాన్ని 72 రెట్లు కుదించారు. 72 ఎందుకంటే, ఆరడుగులకు 72 అంగుళాలు. ఆరడుగుల మనిషి ఈ లోకంలో సరిగ్గా అంగుళం!

ఫొటోలో ఏముంది?

ఇక ఆ ఫొటో. లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో తీసింది. ఖాకీకీ ఆకుపచ్చకీ మధ్యలో ఉండే రంగు విమానం. కింద ఒక రెక్క, పైన ఒక రెక్క. దాని పక్కన ఇంగ్లిషు అక్షరాలు. నిజాం ప్రభువు బహూకరించినదని ఆ రాతకు అర్థం. దాని కింద 'హైదరాబాద్ నంబర్ 12ఏ'.

మేనల్లుడు ఆ ఫొటో కింద ఒకే ముక్క రాశాడు. 'మామా, మన ఊరి పేరు!'

మొదటి ప్రపంచయుద్ధం నాలుగో ఏడు. అప్పుడు హైదరాబాద్ గద్దె మీద ఉన్నది 1911లో పట్టానికొచ్చిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. బ్రిటిష్‌వాళ్ల యుద్ధానికి ఆయన ఇచ్చిన కానుకల్లో ఒకటి ఏకంగా ఒక స్క్వాడ్రన్‌కి సరిపడా బాంబర్ విమానాలు. వాటి రకం డీహెచ్-9ఏ. అవి అందుకున్న దళం రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్. అప్పట్నుంచి దాని పేరు పక్కన బ్రాకెట్లో 'హైదరాబాద్' చేరింది. ఒక్కో విమానం మీద దాత పేరు, నంబరు రాశారు. 1918లోనే నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వం 'ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు ఇచ్చింది. సంస్థానాధీశుల్లో ఆ బిరుదు మరెవరికీ లేదు.

1918 ఆగస్టు చివర ఆ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరింది. డీహెచ్-9ఏ విమానాలతో యుద్ధరంగంలో దిగిన మొదటి దళం అదే. సెప్టెంబరు 14న మొదటి దాడికి వెళ్లింది. జర్మనీలోని పట్టణాలు, రైల్వేలు, కర్మాగారాల మీద పట్టపగలు బాంబులెయ్యడం దాని పని. నవంబరు 11న యుద్ధం ఆగిపోయింది. అంటే దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలల్లో శత్రుభూమి మీదికి వెళ్లి తిరిగిరాని విమానాలు 17. ఒక్కోదానిలో ఇద్దరు. నడిపేవాళ్లకు అనుభవం చాలక, ఒకరినొకరు అంటిపెట్టుకుని ఎగరలేకపోవడమే ఎక్కువగా కొంప ముంచిందని తర్వాత తేల్చారు.

ఆ పదిహేడింట్లో 12ఏ ఒకటి. అక్టోబరు 5న దాడికి వెళ్లి జర్మన్ల నేల మీద దిగిపోయింది. లోపలున్న ఇద్దరూ ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు యుద్ధంలో గెలిచిన వస్తువుగా దాచుకున్నారు. తర్వాత అది బెర్లిన్‌లోని విమానాల మ్యూజియం చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే, ఆ మ్యూజియంలోని కొన్ని విమానాలను తూర్పుకు తరలించారు. యుద్ధం అయ్యాక చూస్తే అవి పోలండులో ఉన్నాయి. అలా 12ఏ క్రాకోవ్ మ్యూజియం సొత్తయింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని పోలండుకిచ్చి బదులుగా దీన్ని తెచ్చుకుంది. ఏళ్ల తరబడి మరమ్మతు చేసి హెండన్‌లో నిలబెట్టింది.

ఇంగ్లండులో పుట్టి, ఫ్రాన్సులో ఎగిరి, జర్మనీలో చిక్కి, పోలండులో మగ్గి, మళ్లీ ఇంగ్లండు చేరిన ఈ విమానం ఒక్క ఊరికి మాత్రం ఎప్పుడూ రాలేదు. దాని ఒంటి మీద పేరున్న ఊరికి!

'గందుకే' అన్నాడు పెద్దాయన. 'దాన్ని ఇక్కడ కడదాం.'

ఒక సెంటీమీటరున్నర

చిక్కేమిటంటే, చేతిలో ఉన్నది డీహెచ్-4 కిట్. కట్టాల్సింది డీహెచ్-9ఏ. రెండూ ఒకే ఇంటివే. డీహెచ్ అంటే వాటి రూపశిల్పి జెఫ్రీ డీ హావిలాండ్. డీహెచ్-4 వేగంగా ఎగిరేది కానీ అందులో ఒక లోపం ఉండేది. పైలట్ ముందు కూర్చునేవాడు. తుపాకీ పట్టుకునే రెండో మనిషి బాగా వెనక కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా పెట్రోలు ట్యాంకు. వెనకవాడు శత్రువును చూసి అరిచినా ముందువాడికి వినపడదు. అందుకే తర్వాత వచ్చిన డీహెచ్-9లో పైలట్‌ను వెనక్కి జరిపి ఇద్దరినీ దగ్గర చేశారు. ఇంజను మాత్రం నీరసంది దొరికింది. మొరాయించేది. అప్పుడు వెస్ట్‌ల్యాండ్ కంపెనీ దాన్ని సరిదిద్దే పని తీసుకుంది. అమెరికా నుంచి 400 గుర్రాల శక్తిగల లిబర్టీ ఇంజను వచ్చింది. రెక్కలు పెరిగాయి. అదే డీహెచ్-9ఏ.

నోటుబుక్కులో మనవరాలు లెక్కలు వేసింది. డీహెచ్-4 రెక్కల వెడల్పు ఈ కొస నుంచి ఆ కొసకు 12.9 మీటర్లు. డీహెచ్-9ఏది 14 మీటర్లు. 72తో భాగిస్తే 17.9 సెంటీమీటర్లు, 19.4 సెంటీమీటర్లు. తేడా ఒకటిన్నర సెంటీమీటరు. ఒక్కో వైపు ముప్పావు సెంటీమీటరు చొప్పున నాలుగు రెక్కలకూ అతుకు వెయ్యాలి. మొండెంలో ముందున్న గుంత పూడ్చాలి, వెనక కొత్త గుంత కోయాలి. ముక్కు మార్చాలి.

'కొత్త కిట్ కొనొచ్చు కదా?' అంది మనవరాలు.

కొనొచ్చు. న్యూజిలాండ్‌లోని వింగ్‌నట్ వింగ్స్ కంపెనీ 1/32 కొలతలో పెద్ద డీహెచ్-9ఏ కిట్ తెచ్చింది. కానీ ఆ కంపెనీ 2020లో మూతపడింది. మిగిలిన పెట్టెల ధరలు మధ్యతరగతి ఇంటికి అందవు. పైగా పాతకాలం మోడలర్లు చేసింది కూడా ఇదే. దొరికిన కిట్ కొని, కోసి, అతికి, దొరకని విమానం చేసుకోవడం.

ఆ మాట చెప్పి పెద్దాయన మళ్లీ బ్లేడు అందుకున్నాడు. ఈసారి ఆగలేదు. చిన్నగా, ఒకే దిక్కుకు లాగుతూ, తెల్లటి పొడి రాలుతుండగా కోసేశాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్లు దాచిన పెట్టె ఖరీదు ఆ క్షణంలో సున్నా అయింది. పని మొదలైంది.

కడుక్కుని, అతుక్కుని...

ఇలాంటి కిట్ కట్టడంలో మొదటి పని గిన్నెలు తోమినట్టు కడగడం. అచ్చులోంచి ముక్క సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు దశాబ్దాలైనా ప్లాస్టిక్‌ని వదలదు. అది ఉంటే రంగు పట్టదు. గోరువెచ్చని నీళ్లలో సబ్బు కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది ఆరబెట్టాలి. నీళ్లు మరీ వేడిగా ఉంటే రెక్కలు వంకరపోతాయి. ముక్కల్ని రన్నర్ నుంచి విరవకూడదు. కట్టరుతో కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలిన మొటిమను ఆకురాయితో తియ్యాలి.

అతికేందుకు ఇళ్లలో వాడే ఇన్‌స్టంట్ జిగురు పనికిరాదు. అది రెండు ముక్కల మధ్య తాను గట్టిపడుతుంది, అంతే. పాలీస్టైరిన్ సిమెంటు అలా కాదు. రెండు అంచుల్నీ కొంచెం కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. ఆరాక అది అతుకు కాదు, ఒకే ముక్క. అందుకే తొందర పనికిరాదు. ముందు జిగురు లేకుండా పెట్టి చూడాలి, తర్వాతే పూయాలి. దాని వాసన మంచిది కాదు కాబట్టి కిటికీలు తీసి ఉంచాలి. చిన్నపిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు.

రెక్కల కొసలకు అతుకు వెయ్యడానికి ఐస్‌క్రీం డబ్బా మూత పనికొచ్చింది. అదీ పాలీస్టైరిన్ రకమే. నాచారంలో దాన్ని 'హిప్స్' అంటారు. సందులు పూడ్చడానికి మిగిలిపోయిన రన్నర్ ముక్కల్ని జిగురులో నానేసి చేసిన లేహ్యం వాడారు. రంగు తేడా లేదు, గట్టిదనంలో తేడా లేదు. ఆరాక నీళ్లు తడిపిన ఎమరీ పేపరుతో రుద్దితే అతుకు ఎక్కడుందో వేలికి తెలియలేదు.

కళ్లు ఆయనవి అంతంతమాత్రం. శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయింది. అందుకని చిన్న ముక్కలు పట్టకారుతో పట్టుకునే పని మనవరాలిది. ఎక్కడ, ఎంత, ఎలా అని చెప్పే పని ఆయనది. రెండో ఆదివారం వచ్చేసరికి ఆయన చెప్పకముందే ఆమె చేతులు కదులుతున్నాయి.

నులక మంచం లెక్క

జంటరెక్కల విమానం కట్టేవాళ్లందరూ భయపడేది పై రెక్కకు. కింది రెక్క మొండేనికి అతికి ఉంటుంది. పై రెక్క మాత్రం పన్నెండు సన్నని కాళ్ల మీద నిలబడాలి. ఒక్కో వైపు నాలుగు, మధ్యలో నాలుగు. పన్నెండూ ఒకేసారి వాటి గుంటల్లో కూర్చోవాలి. ఒకటి కూర్చుంటే ఇంకోటి లేస్తుంది. దాన్ని నొక్కితే మొదటిది జారుతుంది. మొదటి ప్రయత్నంలో సరిగ్గా అదే జరిగింది. అరగంట కష్టం చప్పుడు లేకుండా టేబుల్ మీద పడిపోయింది.

'చేతులతోని నిలబెట్టుడు కాదు, జిగ్ చేద్దాం' అన్నాడు పెద్దాయన. నాచారంలో పని నేర్పినవాళ్లు ఆయనకు చెప్పిన మొదటి పాఠం అది. చెయ్యి వణుకుతుంది, జిగ్ వణకదు. అగ్గిపెట్టెలు, కేరమ్ కాయిన్లు దొంతర పెట్టి రెండు రెక్కల మధ్య ఎడం కొలిచారు. జామెట్రీ బాక్సులోని మూలమట్టం ఆనించి నిటారు చూశారు. అప్పుడు కాళ్లు ఒక్కొక్కటే సందులోకి దూర్చి, చుక్క జిగురు ముట్టించి, ఆ రాత్రంతా దాని జోలికి పోలేదు. పొద్దున కాయిన్లు తీస్తే రెక్క నిలబడే ఉంది.

ఇంతకీ అప్పటి విమానాలకు రెండు రెక్కలెందుకు? అవి కర్ర చట్రానికి నారబట్ట తొడిగి చేసినవి. బట్ట మీద డోప్ అనే ద్రవం పూస్తే బిగుసుకుని డప్పు తోలులా మోగేది. బరువు తక్కువే కానీ అంత పల్చటి రెక్క ఒంటరిగా విమానం బరువు మొయ్యలేదు. అందుకని రెండిటిని పైనా కిందా పెట్టి, మధ్యలో కాళ్లు నిలిపి, ఐమూలగా తీగలు బిగించారు. అప్పుడది రైలు వంతెన గడ్డర్లలా ఒకే పెట్టె అవుతుంది. నులక మంచాన్ని చూడండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. నులక బిగించేదాకా అది కిర్రుకిర్రుమంటూ ఊగుతుంది. బిగించాక నలుగురు కూర్చున్నా కదలదు. ఈ విమానాల్లో తీగల పని అదే.

మరి బొమ్మలో తీగలో? అసలు తీగ పెన్సిలంత మందమనుకున్నా ఇక్కడ వెంట్రుకే. దానికి రన్నరే దారి చూపింది. చువ్వ ముక్కను కొవ్వొత్తి మంటకు కొంచెం పైన తిప్పుతూ ఉంటే మెత్తబడుతుంది. మంట నుంచి తీసి రెండు కొసలూ మెల్లగా లాగితే పాకంలా సాగి, వెంట్రుకంత పోగు వస్తుంది. దాన్ని కొలిచి కత్తిరించి, కొసలకు చుక్క జిగురు ముట్టించి అమర్చాలి. వదులుగా ఉంటే? అగరొత్తి వెలిగించి దాని నిప్పును పోగు దగ్గరికి తేవాలి. తగలకూడదు. ఆ సెగకే పోగు ముడుచుకుని టక్కున బిగుస్తుంది.

మూడు పోగులు కాలిపోయాయి. నాలుగోది బిగిసినప్పుడు మనవరాలు కేక పెట్టింది. వంటింట్లోంచి నాయనమ్మ వచ్చి చూసి, 'ఏం పూజ ఇది, అగరొత్తులన్నీ అయిపోగొడుతున్నరు!' అని కోప్పడింది.

ఎవరి పైసలు?

రంగులయ్యాయి. పైన ఖాకీ ఆకుపచ్చ, అడుగున మాసిన గోధుమపిండి రంగు. ఇక రెక్కల మీది ఎరుపు, తెలుపు, నీలం గుండ్రాలు. కిట్‌లోని స్టిక్కర్ల కాగితం యాభై ఏళ్లకు పసుపెక్కిపోయింది. దానికీ ఓ పాత చిట్కా ఉంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలివైపు అంటించడం. చలిదేశాల్లో నెలలు పడుతుందేమో కానీ హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు మూడు వారాల్లో తెల్లబడింది. నీళ్లలో వేస్తే ముక్కలైపోకుండా ముందే వార్నిష్ పూత ఒకటి వేశారు.

కిట్‌లో లేనిది ఒక్కటే. మన ఊరి పేరు.

ఏడు సెంటీమీటర్ల అక్షరం 1/72లో ఒక్క మిల్లీమీటరు. డీటీపీ సెంటర్లో అచ్చు వేయిస్తే అలుక్కుపోయింది. చేత్తోనే రాయాలి. ఆయన భూతద్దం పట్టుకున్నాడు. ఆమె సన్నటి పెన్ను పట్టుకుంది. మొదటి అక్షరం రాయబోతూ ఆగింది.

'తాతా, ఈ విమానాలు ఎవరి పైసలతోని కొన్నరు?'

'నిజాం ఇచ్చిండు.'

'నిజాంకు ఎక్కడివి?'

ఆయన కాసేపు ఆలోచించాడు. 'ఊళ్లల్ల శిస్తు కట్టినోళ్లవి. మా తాత కూడ కట్టే ఉంటడు.'

'ఆయన్ను అడిగిన్రా మరి?'

'ఎవరడుగుతరు బిడ్డా.'

ఆ ఏడాది 1918. ఇన్‌ఫ్లుయెంజా జ్వరం దేశాన్ని ఊడ్చేసిన సంవత్సరం. మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారని అంచనాలు. ఆ ఏడాదే, ఆ నిజాం పేరుతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయమూ పుట్టింది. దేశభాషలో పై చదువులు చెప్పాలన్న ఆలోచనతో మొదలైంది. నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక వెళ్తే ఎదురుగా అదే. ఒకే ఖజానా, ఒకే సంవత్సరం. ఒక ఖర్చు ఇక్కడే మిగిలి ఇప్పటికీ పిల్లలకు చదువు చెబుతోంది. ఇంకో ఖర్చు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ఊళ్ల మీద బాంబులు వేసి, ఎవరింటి పిల్లలనో తిరిగి రాకుండా చేసింది.

'అయితే పేరు రాయొద్దా?' అంది మనవరాలు.

'రాయాలె' అన్నాడాయన. 'మంచిదని కాదు. రాయకుంటే ఇది మన పైసలతోని అయిందని ఎవరికెరుక?'

ఆమె రాసింది. ఊపిరి బిగబట్టి, అక్షరం అక్షరం మధ్య పెన్ను తుడుచుకుంటూ రాసింది. మొదటిసారి వంకర వస్తే తడి దూదితో తుడిచి మళ్లీ రాసింది. రెండో వరుస పూర్తయ్యేసరికి సాయంత్రం ఐదైంది. భూతద్దం పెట్టి చూస్తే చదవొచ్చు. లేకపోతే ఓ సన్నటి గీత.

ఒక్కటి మొదలుపెట్టాలంటే...

వేసవి సెలవుల్లో ఇలాంటిది ఇంట్లో మొదలుపెట్టాలనుకునే వాళ్లకు ఒక సలహా. మొదటిదే జంటరెక్కల విమానం వద్దు. ఒంటి రెక్కది, చిన్నది, పాతిక ముప్ఫై ముక్కలున్నది తీసుకోండి. పెట్టె తెరవగానే జిగురు అందుకోవద్దు. కాగితం మీది వరుస మొత్తం ఒకసారి చదవండి. కట్టరు, ఆకురాయి, ఎమరీ పేపరు లాంటివి సికింద్రాబాద్ రాణిగంజ్ పనిముట్ల దుకాణాల్లో దొరుకుతాయి. రోజుకు గంట చాలు. మిగతా ఇరవైమూడు గంటలూ జిగురు, రంగు ఆరడానికి. పిల్లలకు ఇది నేర్పేది ఆ ఆగడమే. ఇంకొకటి, ఆ విమానం ఎక్కడ ఎగిరింది, ఎందుకు ఎగిరింది అని కూడా అడగనివ్వండి. సగం ఆట అందులోనే ఉంది.

మల్కాజిగిరి ఇంట్లో 12ఏ ఇప్పుడు టీవీ పక్కన గాజు తలుపుల షోకేసులో ఉంది. అటు ఇత్తడి కలశం, ఇటు స్కూల్లో వచ్చిన షీల్డు. గూడ్సు బండి వెళ్లినప్పుడు ఇల్లు కొంచెం అదురుతుంది. అప్పుడు రెక్కల మధ్య తీగలు సన్నగా వణుకుతాయి. ఒక్కటీ ఊడలేదు.

పని అక్కడితో అయిపోలేదు. డీహెచ్-9ఏలు పాతబడ్డాక వాటి స్థానంలోకి వెస్ట్‌ల్యాండ్ కంపెనీయే వాపిటీ అనే జంటరెక్కల విమానం తెచ్చింది. డబ్బు ఆదా కోసం అందులో డీహెచ్-9ఏ భాగాలే చాలా వాడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ పుట్టినప్పుడు దాని చేతికొచ్చినవి నాలుగు వాపిటీలే. వాటి జాతిది ఒకటి ఇప్పటికీ ఢిల్లీ పాలెంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. అంటే 12ఏకు మన వైమానిక దళం వరసకు చుట్టమే.

ఈ సంగతి తాతకు చెప్పింది మనవరాలే. ఎక్కడో చదివిందట.

'అయితే వాపిటీ కిట్ ఉన్నదా?'

'ఏమో తాతా. దాని తమ్ముడు వాలెస్‌ది ఉన్నది. ఫ్రాగ్ అనే పాత కంపెనీది. దొరికితే కోసి చేసుకోవచ్చు.'

పెద్దాయన లేచి, రంపం బ్లేడుకు నూనె రాసి, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు.